తాబేలును వంకలో వదలకండి

శనగ చేను గట్టున తాబేలు కనబడితే సంజామల రైతైనా, కోవెలకుంట్ల రైతైనా 'పాపం, నీళ్లు లేక అల్లాడుతోంది' అనుకోవడం సహజం. తీసుకెళ్లి పాలేరు వాగులోనో కుందూ నదిలోనో వదిలితే పుణ్యమనీ అనిపిస్తుంది. ఆ పుణ్యమే దాని ప్రాణం తీయొచ్చు.

డిప్ప గుమ్మటంలా లేచి, నల్లని పలకల మీద పసుపు చారలు విరిసి ఉంటే అది నక్షత్ర తాబేలు. పూర్తిగా మెట్ట జీవి. ముళ్లపొదల్లో గడ్డి, ఆకులు, రాలిన పండ్లు తిని బతుకుతుంది. మొద్దుకాళ్లు, వేళ్ల మధ్య చర్మం ఉండదు. లోతు నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. చెరువుల్లో ఎక్కువగా కనబడేది వేరే జాతి. దాని డిప్ప మీద మెత్తటి చర్మం, వెనక కాళ్లను మూసేసే మడతలు ఉంటాయి. చేపలు, కప్పలు, నత్తలు కూడా తింటుంది. వేసవిలో చెరువు ఎండినా చావదు, బురదలోకి దిగి కదలకుండా వాన కోసం కాచుకుంటుంది. తొలకరికి హఠాత్తుగా బయటపడితే వానతో పైనుంచి పడిందనుకోనక్కర్లేదు.

అపోహ: ఇంట్లో తాబేలుంటే లక్ష్మి నిలుస్తుంది.
నిలిచేది కేసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులోకి ఎక్కింది. పట్టుకున్నా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. 2019లో అంతర్జాతీయ వాణిజ్యాన్నీ నిషేధించారు. మన నమ్మకమే స్మగ్లర్లకు పెట్టుబడి. వేలికి కూర్మం ఉంగరం పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, ప్రాణమున్నదాన్ని బకెట్లో పెడితేనే నేరం.

అపోహ: తల్లి తాబేలు దూరాన ఉండి తలపుతోనే గుడ్లను పొదుగుతుంది.
గురుకృపను వర్ణించడానికి ప్రవచనాల్లో చెప్పే అందమైన పోలిక ఇది. అసలు తల్లికి అంత తీరిక లేదు. నక్షత్ర తాబేలు గట్టి నేలను తన మూత్రంతో మెత్తబరిచి, వెనక కాళ్లతో గుంత తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు ఒక్కసారికి వంద దాకా గుడ్లు ఇసుకలో పూడ్చి సముద్రంలోకి పోతుంది, మళ్లీ చూడదు. పొదిగేది నేల వేడి. పిల్ల ఆడో మగో తేల్చేదీ ఆ వేడే: ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి.

అపోహ: డిప్ప ఓ ఇల్లు, విడిచి బయటికి రాగలదు.
రాలేదు. వెన్నెముక, పక్కటెముకలు అందులోనే కలిసిపోయి ఉంటాయి. నరాలూ ఉంటాయి కాబట్టి గీసినా కొట్టినా తెలుస్తుంది.

అపోహ: ప్రతి తాబేలూ వందల ఏళ్లు బతుకుతుంది.
సెయింట్ హెలీనా దీవిలోని జోనథన్ అనే తాబేలు సుమారు 1832లో పుట్టిందని అంచనా, కానీ అది మహా తాబేళ్ల జాతి. మన మెట్ట తాబేలుకు అంత ఆయుష్షు లేదు.

తాబేలు రక్తం తాగితే ఉబ్బసం పోతుందన్న మాటకు ఏ ఆధారమూ లేదు.

ఇక రోడ్డు దాటుతూ కనబడితే, అది ఏ వైపు పోతోందో ఆ వైపు గట్టునే దించండి. వచ్చిన వైపు వదిలితే మళ్లీ రోడ్డెక్కుతుంది.