చిటికెడు కల్తీ... బోలెడు మేలు!

పాలల్లో నీళ్లు, కారంలో రంపపు పొట్టు... కల్తీ అనగానే ఒళ్లు మండుతుంది. కానీ కావాలని, కొలత ప్రకారం కలిపే కల్తీ ఒకటుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి సెల్‌ఫోన్ తెర మీద వేలు ఆనించే ప్రతి ఒక్కరికీ దానితో పనే. పేరు... డోపింగ్. ఆటగాళ్లు తీసుకునే మందు కాదు లెండి!

ఆ తెరలో పింగాణీ జాతికి చెందిన ఓ పొర ఉంటుంది. మందం వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. అది ఇండియం ఆక్సైడ్. స్వచ్ఛంగా ఉన్నప్పుడు దానిలో కరెంటు ప్రవాహం అంతంతమాత్రమే. కొన్ని ఇండియం పరమాణువుల చోట తగరాన్ని కూర్చోబెడితే, అది అదనపు ఎలక్ట్రాన్లను ఇస్తుంది. అప్పుడు పొర కరెంటునూ మోస్తుంది, వెలుతురునూ వదులుతుంది. తగరం మరీ ఎక్కువైతే మాత్రం రెండూ చెడతాయి. ప్రకృతికీ ఈ కిటుకు తెలుసు. రంగులేని అల్యూమినియం ఆక్సైడ్‌లో రవ్వంత క్రోమియం చేరితే... అదే కెంపు!

మరో పింగాణీ బేరియం టైటనేట్. విద్యుదావేశాన్ని దాచుకునే కెపాసిటర్లకు ఇదే ఆధారం. అయితే దీని దాచుకునే గుణం 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర పతాకస్థాయికి చేరుతుంది. అంత వేడి మన జేబులో ఎలా? అందుకే దాదాపు 30 శాతం బేరియం స్థానంలో స్ట్రాన్షియం పెడతారు. ఆ పతాకస్థాయి గది ఉష్ణోగ్రత దగ్గరికి దిగివస్తుంది. ఈ పదార్థపు పలుచని పొరల మీద గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు జరిగాయి.

కలిపేది లెక్కగా ఉండాలంటే, ముందు ఉన్నది శుద్ధిగా ఉండాలి. అప్పటికే ఉప్పు పడిన పాయసంలో పంచదార ఎంత సరిచూసినా ఏం లాభం? అనుకోకుండా చేరిన మలినం పొర రంగు మార్చేస్తుంది, ఆవేశం కారిపోయేలా చేస్తుంది.

ఆ శుద్ధి పని మనకు దగ్గర్లోనే జరుగుతోంది. ఉప్పల్ నుంచి నాచారం పారిశ్రామికవాడ, మల్లాపూర్ మీదుగా వెళ్తే చర్లపల్లిలో కేంద్రప్రభుత్వ సంస్థ సి-మెట్ కనిపిస్తుంది. గాలియం, జెర్మేనియం లాంటి ఎలక్ట్రానిక్స్ ముడిసరుకును అత్యంత శుద్ధంగా తయారుచేయడంలో ఈ కేంద్రానిది అందెవేసిన చేయి. పాత సర్క్యూట్ బోర్డుల్లోంచి లోహాలను తిరిగి రాబట్టే విధానాలనూ రూపొందించింది.

ఇంతకీ ఇండియానికి ప్రత్యేకంగా గనుల్లేవు. ఎక్కువగా జింకు ఖనిజాన్ని శుద్ధి చేసేటప్పుడు కొసరుగా దొరుకుతుంది. మీ సొరుగులో పడున్న పాత ఫోన్ తెరలోనూ అది రవ్వంత ఉంది. చెత్తబుట్టలో వేసేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. ఆ రవ్వంత లేకపోతే మీ వేలి మాట తెర వినదు మరి!