పంజా గెలిస్తే సరా... పత్రం చెల్లాలిగా!

షిఫ్టు దిగి టీ తాగుతున్న కుర్రాళ్ల మధ్య మాటా మాటా పెరుగుతుంది. 'దమ్ముంటే రా... పంజా పడదాం' అంటాడొకడు. గ్లాసులు పక్కకు జరుగుతాయి. రెండు మోచేతులు బల్ల మీదికొస్తాయి. చుట్టూ పదిమంది మూగుతారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం... పారిశ్రామికవాడల్లో ఇలాంటి సరదా కొత్తేమీ కాదు. ఓడినవాడు టీ డబ్బులిస్తాడు. కథ అంతటితో సరి.

అదే ఆటకు ఎంట్రీ ఫీజు, తూకం, రెఫరీ, మెడలో పతకం, చేతిలో సర్టిఫికెట్టు వచ్చి చేరాయనుకోండి... అప్పుడు కథ మారిపోతుంది. పోటీ పెట్టిందెవరు? పెట్టమని వాళ్లకు చెప్పిందెవరు? ఆ కాగితం ఎక్కడ చెల్లుతుంది? బరిలో దిగే కుర్రాడికి ఇవేవీ పట్టవు. ఇంట్లోవాళ్లకైనా పట్టాలి.

కొబ్బరికాయ నుంచి కడియం దాకా

సంగారెడ్డి జిల్లాకు కుస్తీ కొత్త కాదు. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు జాతరల్లో ఇప్పటికీ కుస్తీ పోటీలు జరుగుతాయి. మొదట చిన్నపిల్లల జోడీలు... గెలిస్తే కొబ్బరికాయ. పోనుపోను బహుమతి పెరుగుతుంది. చివరి కుస్తీకి వెండి కడియం. అక్కడ సంఘాలూ సమాఖ్యలూ ఏమీ ఉండవు. ఊరి పెద్దలు చెప్పిందే తీర్పు. వచ్చిన బహుమతి అక్కడికక్కడే చేతిలో పడుతుంది కాబట్టి 'ఇది ఎక్కడ చెల్లుతుంది' అన్న పేచీ లేదు.

చేతి కుస్తీ, అదే ఆర్మ్ రెజ్లింగ్, అలా కాదు. ఇది పుట్టడమే బల్లల దగ్గర పుట్టినా తొందరగానే కాగితాల మీదికెక్కింది. 1952లో అమెరికాలోని పెటలూమా అనే చిన్న ఊళ్లో, ఒక బార్‌లో కాలక్షేపంగా సాగుతున్న పందేన్ని స్థానిక పత్రికలో కాలమ్ రాసే బిల్ సోబెరానెస్ పోటీగా మార్చాడు. 1962 నాటికి దానికి ఏకంగా 'ప్రపంచ' అన్న పేరు తగిలించేశారు! 1968లో 'పీనట్స్' కార్టూన్లలోని కుక్కపిల్ల స్నూపీ కూడా పెటలూమాకి బయలుదేరుతుంది. తీరా వెళ్లాక బొటనవేలు లేదని పోటీకి పనికిరావు పొమ్మంటారు. నవ్వులాటకే రాసినా అందులో ఓ నిజముంది. అప్పటికే ఈ ఆటకు నిబంధనలున్నాయి. 1977లో ప్రపంచ ఆర్మ్ రెజ్లింగ్ సమాఖ్య ఏర్పడింది. 1987లో సిల్వెస్టర్ స్టాలోన్ లారీ డ్రైవరుగా నటించిన 'ఓవర్ ద టాప్' సినిమా ఆటను ఇంటింటికీ తెలిసేలా చేసింది.

బల్లకీ ఓ లెక్కుంది

టీకొట్టు బల్ల ఈ పోటీకి పనికిరాదు. నిలబడి ఆడే బల్ల నేల నుంచి 40 అంగుళాల ఎత్తుండాలి. మోచెయ్యి ఆనించే మెత్తలు ఏడంగుళాల చదరం. ఓడినవాడి చెయ్యి తగలాల్సిన మెత్తలు పది అంగుళాల పొడవు, బల్ల మీద నుంచి నాలుగు అంగుళాల ఎత్తు. రెండో చేత్తో పట్టుకోవడానికి పక్కన చిన్న ఇనుప కడ్డీలు. వెల్డింగ్ షెడ్డులకు కొదవలేని పటాన్‌చెరులో ఈ బల్ల చేయించడం పెద్ద పనేం కాదు. నిజానికి నిర్వాహకుల తలనొప్పి అక్కడ కాదు, సమయం దగ్గర మొదలవుతుంది.

ఈ ఆటలో ఒక్కసారి ఓడితే ఇంటికి పంపరు. రెండుసార్లు ఓడాలి. ఒక బరువు విభాగంలో పదహారు మంది ఉన్నారనుకోండి. విజేత కాక మిగిలిన పదిహేను మందీ రెండేసి సార్లు ఓడాలి కాబట్టి ముప్ఫై పోటీలు తప్పవు. విజేత కూడా ఒకసారి ఓడి ఉంటే ముప్ఫై ఒకటి. అలాంటివి అయిదు విభాగాలుంటే నూటయాభై పైమాటే. కుడిచెయ్యికి వేరు, ఎడమచెయ్యికి వేరు... అంటే మూడొందలు! పోటీ మూడు సెకన్లలో ముగియొచ్చు. కానీ పట్టు కుదర్చడానికే నిమిషం దాటుతుంది. పోటీకి రెండు నిమిషాల చొప్పున వేసుకున్నా ఒకే బల్ల మీద పది గంటలు. పొద్దున్నే మొదలుపెడితే ఫైనల్స్ దీపాలు పెట్టాకే. అందుకే కాస్త అనుభవమున్నవాళ్లు రెండు మూడు బల్లలు వేస్తారు. బరువుల తూకం ముందురోజే ముగిస్తారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పురుషులకు 55 కిలోల నుంచి 110 కిలోలపైన వరకు పదకొండు విభాగాలున్నా, స్థానిక పోటీల్లో వచ్చే జనాన్ని బట్టి నాలుగైదుకు కుదించుకుంటారు.

బల్లకు ఇద్దరు రెఫరీలు. బొటనవేలి కణుపు కనిపించాలి, భుజాలు బల్లకు సమాంతరంగా ఉండాలి. 'రెడీ... గో' అన్నాకే కదలాలి. మోచెయ్యి మెత్త మీద నుంచి లేచినా, ఓడిపోతున్నామని కావాలని పట్టు జార్చుకున్నా ఫౌల్. రెండు ఫౌల్స్ అయితే ఓటమే. మామూలుగా పట్టు జారితే ఇద్దరి చేతులనూ పట్టీతో కట్టేసి మళ్లీ మొదలుపెట్టిస్తారు. కండలున్నవాడే గెలుస్తాడనుకుంటే పొరపాటు. మణికట్టు వంచే నేర్పు, వేళ్ల పట్టు ఉన్న బక్కపల్చటివాడు జిమ్ కుర్రాణ్ని బోల్తా కొట్టించడం ఈ ఆటలో మామూలే.

'టక్'మంటే మూడు నెలలు

రెఫరీ ఉన్నది గెలుపోటములు తేల్చడానికే అనుకుంటారు చాలామంది. అంతకన్నా పెద్ద పని ఇంకోటుంది. చెయ్యి ఓడిపోతున్నప్పుడు అనుభవం లేనివాడు ఏంచేస్తాడు? చేతిని అక్కడే వదిలేసి ఒళ్లంతా రెండోవైపు తిప్పి తోస్తాడు. భుజం ఒకవైపు, ముంజెయ్యి మరోవైపు మెలిపడతాయి. మధ్యలో ఉన్న దండచేతి ఎముక, మోచేతికి కాస్త పైన, తాడు పురి తిరిగినట్టు విరుగుతుంది. ఆ పక్కనుంచే వెళ్లే నరం దెబ్బతింటే మణికట్టు వాలిపోతుంది. శిక్షణ ఉన్న రెఫరీ ఆ భంగిమను ముందే పసిగట్టి అరుస్తాడు, అవసరమైతే ఆపేస్తాడు. 'నీ చేతినే చూస్తుండు' అని కొత్తవాళ్లకు చెప్పే మొదటి పాఠం కూడా ఇందుకే. చూపు చేతి మీదుంటే భుజం పక్కకు పోదు.

మిగతా ఊళ్ల కంటే ఈ పారిశ్రామికవాడలో దీన్ని ఎక్కువ పట్టించుకోవాలి. లేత్ తిప్పేవాడికీ, ప్యాకింగులో పెట్టెలెత్తేవాడికీ చెయ్యే జీతం. ఆ ఎముక అతకడానికి తేలిగ్గా రెండు మూడు నెలలు పడుతుంది. ఈఎస్ఐ కార్డుంటే వైద్యం అందుతుంది. కానీ ఆదివారం పోటీలో విరిగిన చెయ్యి 'పనిలో ప్రమాదం' కాదు. పనిలో దెబ్బ తగిలితే వేతనంలో 90 శాతం వస్తుంది. ఇదైతే అనారోగ్యం కింద లెక్క. 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. కార్డు లేని రోజుకూలీకి ఆ మాత్రం కూడా ఉండదు. అందుకే బ్యానరు మీద బహుమతి మొత్తం ఎంతుందో చూసేముందు డాక్టరున్నాడా, అంబులెన్సుందా అని చూడాలి. 'ఏం జరిగినా నాదే బాధ్యత' అని సంతకం పెట్టించుకునే నిర్వాహకులు బీమా ఏమైనా చేయించారా అని నిలదీసినా తప్పులేదు.

నిచ్చెన మెట్లు

ఇక అసలు చిక్కు. పోటీకి గుర్తింపు ఎలా వస్తుంది?

పద్ధతి ప్రకారమైతే అదో నిచ్చెన. కింద క్లబ్బులు, వ్యాయామశాలలు. వాటిపైన జిల్లా సంఘం. ఆపైన రాష్ట్ర సంఘం, జాతీయ సమాఖ్య, ప్రపంచ సమాఖ్య. జిల్లా సంఘం పోటీ తేదీలను రాష్ట్ర సంఘానికి రాసి అనుమతి తెచ్చుకోవాలి. పైనుంచి అర్హులైన రెఫరీలు రావాలి. ఫలితాలు పైకి వెళ్లాలి. జిల్లాలో గెలిచినవాడు రాష్ట్రస్థాయికి, అక్కడ గెలిస్తే జాతీయ పోటీలకు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా కింద గెలిచినవాడికి మిగిలేది పతకమే.

ఇక్కడే చాలామంది బోల్తాపడే మాట ఒకటుంది... 'రిజిస్టర్డ్'. కరపత్రం పైన రిజిస్ట్రేషన్ నంబరు పెద్దక్షరాల్లో కనపడగానే ప్రభుత్వం గుర్తించిందనుకుంటారు. సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర సంఘం పెట్టుకోవచ్చు. అది భజన మండలికైనా, క్రీడా సంఘానికైనా ఒకటే. రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు. రెండోది ఉందో లేదో తెలియాలంటే ఫలానా రాష్ట్ర సంఘానికి అనుబంధమని చెప్పే ఉత్తరం చూపించమనాలి. ఆ రాష్ట్ర సంఘం ఏ జాతీయ సమాఖ్య కిందిదో కూడా అడగాలి.

ఎందుకంటే నిచ్చెన ఒకటే కాదు! మనదేశంలో ఇండియన్ ఆర్మ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరుతో ఒక సంస్థ ఉంటే, పీపుల్స్ ఆర్మ్ రెజ్లింగ్ ఫెడరేషన్ ఇండియా పేరుతో మరొకటి వచ్చింది. రెండోదానికి అధ్యక్షురాలైన ప్రీతి ఝంగియానీ మనకు తెలిసిన ముఖమే... 1999లో వచ్చిన 'తమ్ముడు' నాయిక. అంతర్జాతీయంగానూ అంతే. పాత ప్రపంచ సమాఖ్య ఉండగానే ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ఆర్మ్ రెజ్లింగ్ పుట్టుకొచ్చింది. ఒక నిచ్చెనలో జిల్లా విజేత రెండో నిచ్చెనలో మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడాల్సి రావచ్చు.

కోటా కల

'స్పోర్ట్స్ సర్టిఫికెట్టు ఉంటే ఉద్యోగం వస్తుంది.' పిల్లాణ్ని పోటీకి పంపే తండ్రి మనసులో ఉండే మాట ఇది. అందులో సగమే నిజం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాకు ఒక పట్టిక ఉంది. 2020లో అందులోని క్రీడలను 43 నుంచి 63కు పెంచారు. తాడులాగే ఆట టగ్ ఆఫ్ వార్ చేరింది. మల్లఖంబ్ చేరింది. రోల్ బాల్, షూటింగ్ బాల్ కూడా చేరాయి. కొత్తగా వచ్చిన ఆ ఇరవైలో చేతి కుస్తీ లేదు. అంతకుముందున్న నలభై మూడింటిలోనూ లేదు. పట్టికలో ఉన్న ఆటలకైనా జాతీయస్థాయిలో ఆడినవాళ్లకు నిర్ణీత నమూనాలో, ఫారం-2లో, సంబంధిత సమాఖ్య బాధ్యులు సంతకం చేసివ్వాలి. రంగురంగుల అంచులతో అచ్చేసిన పత్రం ఎంత అందంగా ఉన్నా ఆ ఫారానికి బదులు కాదు. రాష్ట్ర ఉద్యోగమైనా, కళాశాల సీటైనా ఆ ఏటి ప్రకటనలోని క్రీడల జాబితా చూసుకున్నాకే ఆశ పెట్టుకోవాలి.

అలాగని ఆటకు భవిష్యత్తు లేదని కాదు. 2023 జులై, ఆగస్టుల్లో ఢిల్లీలో జరిగిన ప్రొ పంజా లీగ్ మొదటి సీజన్ టీవీలో వచ్చింది. మన పేరుతో ఆడిన కిరాక్ హైదరాబాద్ జట్టు ఫైనల్ దాకా వెళ్లి కోచి జట్టు చేతిలో ఓడింది. దివ్యాంగులూ బరిలో దిగి చప్పట్లు కొట్టించుకోగల అరుదైన ఆటల్లో ఇదొకటి. ఖర్చు తక్కువ. మైదానం అక్కర్లేదు. యాభై దాటినవాళ్లకూ విభాగముంది.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఆమోదించింది. క్రీడా సమాఖ్యలను గుర్తించడానికి జాతీయ బోర్డు, తగాదాలు తేల్చడానికి ట్రైబ్యునల్ అన్నవి అందులోని ముఖ్యాంశాలు. ఒక్కో క్రీడకు ఒకే జాతీయ సమాఖ్య ఉండాలన్నది దాని ఉద్దేశం. చేతి కుస్తీ ఆ వరస దాకా వచ్చేలోపు కరపత్రం పట్టుకుని ఇంటికొచ్చే కుర్రాడితో అమ్మానాన్నలు ఒక్క ఫోన్ చేయించొచ్చు... కరపత్రం కింద ఉన్న నంబరుకు కాదు, అందులో పేరు రాసిన రాష్ట్ర సంఘానికి. 'ఈ పోటీ మీదేనా?' అని.