కోయని పచ్చిక



మా ఆడపడుచు కూతురు ఇంగ్లండులో కాపురముంటోంది. ఆ మధ్య మే నెలలో ఒకనాడు ఫోనులో వాళ్ళ వీధి చివరి పార్కు చూపించి, "చూశావా అత్తయ్యా, మోకాలెత్తు గడ్డి! మునిసిపాలిటీ వాళ్ళ బద్ధకం ఇక్కడా ఉంది" అని నవ్వింది. నాలుగు రోజులాగి మళ్ళీ తనే చేసింది. గడ్డి మధ్యలో చిన్న బోర్డు పెట్టారట, తేనెటీగల కోసం కోయకుండా ఉంచామని. ఇవాళ మనం ఆ సంగతే చెప్పుకుందాం.

ఆ దేశంలో చలి వదిలి నేల పూతకొచ్చే కాలం మే నెల. పచ్చికలో అణిగిమణిగి ఉన్న డాండెలియన్, డెయిజీ, తెల్ల క్లోవరు వంటి చిన్న మొక్కలు అప్పుడు విరగబూస్తాయి. అక్కడ బంబుల్ బీ అని ఒక రకం ఉంది. మన తుమ్మెదలా బొద్దుగా, ఒళ్ళంతా నూగుతో ఉంటుంది. చలికాలానికి గూడంతా చచ్చిపోయి, కొత్త రాణులు మాత్రం మట్టిలో దాక్కుని బతుకుతాయి. ఎండ రాగానే ఒక్కొక్క రాణీ ఒంటరిగా లేచి గూడు కట్టాలి, గుడ్లు పెట్టాలి, పిల్లల్ని సాకాలి. దానికి నిలవ తేనె ఎక్కడిది? పూట పూటా పువ్వుల్లో వెతుక్కోవలసిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే వారం వారం మిషను పెట్టి గొరిగేస్తే మొగ్గలన్నీ పోతాయి. మన కంటికి పచ్చని తివాచీ, దానికి మాత్రం పస్తు!

పూర్వం ఆ దేశం నిండా ఎండుగడ్డి కోసం పెంచే పూల బీళ్ళు ఉండేవి. 1930ల తరువాత వాటిని దున్ని, ఎరువులు చల్లి, నూటికి 97 వంతులు పోగొట్టుకున్నారు. ఒక జాతి బంబుల్ బీ 1988 తరువాత మరి కనిపించలేదు. అది తమ దేశంలో అంతరించిందని 2000లో ప్రకటించారు. ఇక మిగిలిన జాగా ఏమిటంటే పార్కులు, రోడ్ల పక్క పచ్చిక, ఇళ్ళ ముందరి లానులు. అందుకే 2019లో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 'నో మో మే' అని, మే నెలంతా గడ్డి కోయవద్దని పిలుపునిచ్చింది. జనం తమ లానులో పూలు లెక్కపెట్టి పంపారు. నాలుగు వారాలకొకసారి కోసిన చోట పూలు ఎక్కువ, అసలు కోయని చోట రకాలు ఎక్కువ అని తేలింది.

వదిలెయ్యడమంటే పట్టించుకోకపోవడం కాదండోయ్. పూల బీడుగా ఉంచినదాన్ని వేసవి చివర, గింజ రాలాక, కోసి తీరాలి. కోసిన గడ్డిని ఎత్తెయ్యాలి కూడా. అక్కడే కుళ్ళితే నేలకి బలం పట్టి, మోటు గడ్డి పెరిగి పూల మొక్కల్ని మింగేస్తుంది. ఎరువెయ్యకపోతేనే బాగుండే తోట ఇది! ఇంకో ఉపాయం నాకు బాగా నచ్చింది. అంచు వెంట ఒక బారు, నడవడానికి ఒక బాట మాత్రం నీటుగా కోసి ఉంచుతారు. అది చూస్తే ఎవరూ గాలికొదిలేశారనుకోరు. ఇల్లు సర్దుకునే ఆడవాళ్ళకి వేరే చెప్పాలా!

మరి మనకో? మే నెలలో మన ఊళ్ళలో కోయడానికి పచ్చగడ్డి ఏదీ? మన పూత తొలకరి తరువాత. కాలనీ పార్కులో తుమ్మి, గడ్డిచామంతి, గునుగు వాటంతటవే మొలుస్తాయి. వాటిని కూలీ ఇచ్చి గొరిగించి, చవితికి తుమ్మి, బతుకమ్మకి గునుగు బజారులో బేరమాడి కొంటాం. పాముల భయం ఉత్తది కాదు. కనుక గుమ్మాల దగ్గర, పిల్లలాడే చోట కోయించవలసిందే. దూరంగా ఒక మూల వదిలితే చాలు. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే వేళ్ళతో పీకించండి. దాని పుప్పొడితో దురదలు, ఆయాసం వస్తాయి.

"గుమ్మడి పాదు పూస్తోంది గాని పిందె నిలవడం లేదు" అని చాలామంది అడుగుతుంటారు. గుమ్మడిలో మగపువ్వు వేరు, కింద బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు వేరు. బరువైన, జిగురైన ఆ పుప్పొడిని గాలి మోయలేదు. ఈగ రాకపోతే పిందె పండి రాలిపోతుంది. మీ వైపు తేనెటీగలు తగ్గితే ఆ పని మీరే చెయ్యండి. పొద్దున్నే మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఆనపపాదుకైతే సాయంత్రం చెయ్యాలి. దాని పువ్వు దీపాలవేళకి విచ్చుతుంది.