చెక్క పెన్నులో ఇత్తడి గొట్టం ఎందుకు?

చేత్తో చేసిన చెక్క పెన్ను లోపల సన్నని ఇత్తడి గొట్టం దాగి ఉంటుంది. ఎందుకు? లేత్ మీద చెక్కాక కొన్నిచోట్ల చెక్క మందం మిల్లీమీటరు కూడా మిగలదు. అందులోకి మొన భాగాన్నీ క్లిప్పునూ నొక్కితే నిలువునా పగులుతుంది. ఆ ఒత్తిడిని గొట్టం భరిస్తుంది. (రాజమహేంద్రవరం రత్నం పెన్నులకు ఎబొనైట్ వాడతారు. ఆ గట్టి రబ్బరులోనే మరలు కోయవచ్చు కాబట్టి గొట్టంతో పనిలేదు.)

సన్నరకం పెన్నుకైతే చెక్కముక్కలో 7 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తారు. అసలు నేర్పు అంతా అతికించడంలోనే ఉంది. ఇత్తడి నున్నగా ఉంటుంది, జిగురు పట్టదు. అందుకే ముందు ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ గీతల్లోకి దిగిన జిగురు గట్టిపడి కొక్కెంలా పట్టుకుంటుంది. జిగురు లోపలికి పోకుండా గొట్టం చివర మైనంతో మూస్తారు.

సూపర్ గ్లూ గాలిలోని, చెక్కలోని తేమ తగలగానే బిగుస్తుంది. గొట్టం సగంలోనే ఇరుక్కుపోవచ్చు! రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ నిదానంగా గట్టిపడుతుంది, సందులనూ నింపుతుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఎపాక్సీయే. గొట్టాన్ని తిప్పుతూ, ముందుకూ వెనక్కూ జరుపుతూ దూర్చాలి. ఎక్కడైనా జిగురు అందకపోతే అక్కడ చెక్కకు ఆధారం ఉండదు. ఉలి తగలగానే పెచ్చు లేచిపోతుంది.

పూర్తిగా ఆరాక చివరలను ఇత్తడి మెరిసేదాకా సమంగా అరగదీస్తారు. అంతకు మించి అరిగి గొట్టం పొట్టిదైతే, పెన్ను తిప్పినా రీఫిల్ మొన పూర్తిగా లోపలికి పోదు.