వాన లేని రాత్రి తడిసే గుడారం

పాఠకులొకరు పంపిన ప్రశ్న చిన్నదే. చలికాలంలో సీతంపేట కొండల వైపు ఒంటరిగా వెళ్ళి, వానకోటుగా తొడుక్కునే పోంచోనే రెండు కర్రల మధ్య తాడుకు వేలాడదీసి కింద పడుకుంటే, చినుకు కూడా రాలని రాత్రి తెల్లవారేసరికి అది పైనా లోపలా కూడా ఎందుకు తడిసి కారుతుంది? గుడ్డకు చిల్లు పడిందా, అమ్మినవాళ్ళు మోసం చేశారా? పోంచో గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట: మధ్యలో తల దూరే కంత, దానికి ఒక టోపీ, అంచుల్లో తాడు కట్టుకోవడానికి రింగులు ఉన్న నలుచదరపు నైలాను పట్టా అది. నడిచేటప్పుడు ఒంటి మీద, రాత్రి నెత్తి మీద. దానికి తోడు అరచేతిలో పట్టే గ్యాసు స్టౌ, చిన్న గిన్నె ఉంటే ఒంటరి మనిషికి రాత్రి గడిచిపోతుంది. ఇక ప్రశ్నకు జవాబు. చిల్లు పడలేదు, మోసమూ జరగలేదు. రాత్రంతా ఆకాశానికి ఎదురుగా పరిచి ఉండటం వల్లే ఆ పట్టా తడిసింది. ఎంత ఖరీదైనది కొన్నా అలాగే తడుస్తుంది. దాన్ని పొడిగా ఉంచేది ఎక్కడ కట్టామన్నదే గాని, ఏ రకం కొన్నామన్నది కాదు.

ఇది వినగానే చాలామంది ‘మంచు కురిసింది’ అని తేల్చేస్తారు. కురవడం అంటే పైనుంచి పడటం. అరిస్టాటిల్ కూడా పగలు పైకి లేచిన ఆవిరి రాత్రి చల్లబడి కిందికి దిగుతుందనే చెప్పాడు. రెండు వేల ఏళ్ళు లోకం ఆ మాటనే పట్టుకుంది. 1733లో జర్మనీలో గెర్‌స్టెన్ అనే పండితుడు, మంచు పైనుంచి పడదు, నేలలోంచి పైకి లేస్తుంది అన్నాడు. ఆకుల అడుగు భాగం కూడా తడవడం అతనికి ఆధారం. దాన్ని పరీక్షించడానికి పారిస్‌లో దుఫే అనే పరిశోధకుడు నిచ్చెన మెట్ల మీద వేర్వేరు ఎత్తుల్లో గాజు పలకలు పెట్టి చూస్తే, అన్నిటికంటే కింది పలక ముందు తడిసింది. దాంతో వాదం రెండు పక్షాలుగా చీలిపోయింది. పైనుంచా, కిందినుంచా? నీరు ఎటునుంచి వచ్చిందని అందరూ వెతికారు గాని, వస్తువు ఎందుకు చల్లబడిందని అడగడం ఎవరికీ ముఖ్యమనిపించలేదు. వస్తువులు చల్లబడేది మంచు పట్టడం వల్లేనని కూడా కొందరు గట్టిగా నమ్మారు. కార్యాన్ని కారణంగా తీసుకున్న పొరపాటు అది.

ఆ ముడి విప్పినవాడు విలియం చార్లెస్ వెల్స్. 1757లో అమెరికాలోని చార్లెస్టన్‌లో పుట్టి, లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేశాడు. 1814లో మంచు మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. రాయల్ సొసైటీ వారి రమ్‌ఫర్డ్ పతకం దానికే దక్కింది. ప్రయోగశాస్త్రంలో ఇంతకంటే అందమైన పుస్తకాలు అరుదని నా అభిప్రాయం. కారణం, అతని పరికరాలు ఎవరి ఇంట్లోనైనా దొరికేవే: ఉన్ని, త్రాసు, థర్మామీటరు. పది గ్రెయిన్ల ఉన్ని (గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు) తూచి, రాత్రి ఆరుబయట పెట్టి, పొద్దున మళ్ళీ తూచేవాడు. పెరిగిన బరువే అది పట్టిన మంచు. నాలుగు కర్రల మీద నాలుగడుగుల ఎత్తున ఒక అంగుళం మందం చెక్క నిలబెట్టి, దాని పైముఖానికి ఒక ఉన్ని ముద్ద, అడుగుముఖానికి ఇంకో ముద్ద అంటించాడు. ఒక రాత్రి పైది 14 గ్రెయిన్లు పెరిగింది, కిందిది 4 మాత్రమే. మంచు నేలలోంచి లేచేదే అయితే అడుగున ఎక్కువ పట్టాలి కదా? అలా పట్టలేదు. సరే, వానలాగా పైనుంచి పడుతుందందామా? రెండు వైపులా తెరిచిన మట్టి గొట్టాన్ని గడ్డి మీద నిలబెట్టి, దాని లోపల నడిమధ్యలో ఉన్ని పెట్టాడు. నిటారుగా పడే వాన ఆ ఉన్నికీ, బయట ఉన్నదానికీ సమానంగా తగలాలి. గొట్టంలోని ఉన్ని మాత్రం బయటిదానికంటే ఎన్నో రెట్లు తక్కువ తడిసింది. ఆ ఉన్నికి ఆకాశం కొద్ది మేరే కనిపిస్తోంది, తేడా అంతే.

మన ప్రశ్నకు నేరుగా తగిలే ప్రయోగం ఇంకొకటి ఉంది. అట్టను ఇంటి కప్పులా, తొంభై డిగ్రీల కోణంలో మడిచి, రెండు కొసలూ తెరిచి ఉంచి గడ్డి మీద బోర్లించాడు వెల్స్. పోంచోను తాడు మీద వాల్చితే వచ్చే ఆకారం సరిగ్గా అదే. కప్పు కింద పెట్టిన పది గ్రెయిన్ల ఉన్ని తెల్లారేసరికి 2 గ్రెయిన్లు పెరిగింది, బయట పెట్టినది 16. మరో రాత్రి పల్చటి చేతిరుమాలును గడ్డికి ఆరంగుళాల ఎత్తున నాలుగు పుల్లల మీద పరిచాడు. బయటి గడ్డి గాలికంటే 11 ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లగా ఉంటే, రుమాలు కింది గడ్డి 3 డిగ్రీలే చల్లగా ఉంది. అంత పల్చటి గుడ్డ చలిగాలిని ఆపలేదు, వెచ్చదనం పుట్టించలేదు. అది చేసిందల్లా గడ్డికీ ఆకాశానికీ మధ్య నిలబడటమే. లేతమొక్కల మీద తోటమాలులు పల్చటి చాపలు కప్పడం చూసి తాను అంతకుముందు నవ్వుకునేవాడినని వెల్స్ రాసుకున్నాడు. తోటమాలుల చేతులకు తెలిసిన సంగతికి కారణం అప్పటికి గాని అతనికి దొరకలేదు.

ఆ కారణం వికిరణం. ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా నిరంతరం పోగొట్టుకుంటూనే ఉంటుంది. చుట్టూ ఉన్న గోడలు, చెట్లు, నేల కూడా అలాగే వెదజల్లుతాయి కనుక ఇచ్చిందీ పుచ్చుకున్నదీ ఇంచుమించు సరిపోతుంది. ఆకాశం దగ్గరే లెక్క తప్పుతుంది. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ చాలా పరారుణ కిరణాలను పీల్చుకుని కొంత తిరిగి కిందికి పంపుతాయి. ఎనిమిది నుంచి పదమూడు మైక్రాన్ల తరంగదైర్ఘ్యం మధ్య మాత్రం గాలికి పెద్ద కిటికీ ఉంది. మన ఒంటి వేడి, నేల వేడి, పోంచో వేడి ఎక్కువగా వెలువడేది సరిగ్గా ఆ కిటికీలోంచే. అక్కడినుంచి వెళ్ళినది శూన్యంలోకి పోయినట్టే, తిరిగి రాదు. 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న ఒక చదరపు మీటరు పట్టా సుమారు 400 వాట్లు పైకి పంపుతుంది. నిర్మలమైన ఆకాశం తిరిగి ఇచ్చేది మహా అయితే 330. మిగిలిన 70 వాట్లు నష్టం. నైలాను పట్టా చదరపు మీటరుకు వంద గ్రాములు కూడా తూగదు, అందుకని ఈ నష్టం మొదలైన క్షణంలో అది రెండు సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున చల్లబడగలదు. గాలి తగిలి కొంత వేడి తిరిగి ఇస్తుంది కాబట్టి గాలికంటే కొన్ని డిగ్రీలు తక్కువలో నిలుస్తుంది. ఆ కొన్ని డిగ్రీలే చాలు. గాలిలో తేమ తొంభై శాతం ఉంటే తుషార స్థానం, అంటే ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రతకు రెండు డిగ్రీల లోపే ఉంటుంది. చల్లటి నీళ్ళ చెంబు బయట ముత్యాలు కట్టినట్టు పట్టాకు నీళ్ళు కడతాయి. ఎంత కడతాయన్నదీ లెక్క కట్టవచ్చు. 70 వాట్లు పది గంటలు పోతే సుమారు 25 లక్షల జౌళ్ళు. ఒక కిలో ఆవిరి నీరయ్యేటప్పుడు విడిచే వేడీ దాదాపు అంతే. అంటే చదరపు మీటరుకు లీటరు దాటదు. గాలి ఇచ్చే వేడి పోను నిజంగా పట్టేది అందులో నాలుగో వంతో, అయిదో వంతో అనుకున్నా, మూడు చదరపు మీటర్ల పోంచో మీద అర లీటరు పైమాటే.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం ఈ పనికి చక్కగా కుదిరిన చోటు. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక మబ్బు తేలిపోతుంది, రాత్రి గాలి స్తంభిస్తుంది. సముద్రం పక్కనే ఉంది. నాగావళి, వంశధార లోయల్లో కోసిన వరి మళ్ళు ఇంకా తడిగా ఉంటాయి. నిర్మలమైన ఆకాశం, నిలిచిన గాలి, తేమ, మూడూ ఒక్కసారే దొరుకుతాయి. కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది కాబట్టి లోయ అడుగున ఇంకా ఎక్కువ తడుస్తుంది. లంబసింగిలో గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగకముందే గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టడంలోనూ వింత లేదు. థర్మామీటరు మనిషి ఎత్తులో గాలిని కొలుస్తుంది, గడ్డి దానికంటే చల్లగా ఉంటుంది. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. సహజంగా మంచుగడ్డ కనబడని అలహాబాదులో, గోతుల్లో ఎండు చెరకు గడలో మొక్కజొన్న దంట్లో పరిచి, వాటి మీద లోతులేని మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టి, రాత్రికి రాత్రి మంచుగడ్డ తయారుచేసేవాళ్ళ గురించి ఆ ఉత్తరం. అదంతా నీరు ఆవిరవడం వల్లేనని చాలామంది వివరించారు. వెల్స్ అదే ఏర్పాటును ఇంగ్లండులో చేసి చూసి, వేడిని లాక్కుంటున్నది ఆకాశమేనని తేల్చాడు. ఆ పనివాళ్ళ పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఆకాశాన్ని పనిముట్టుగా వాడుకున్నది మాత్రం వాళ్ళు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఊపిరి. లోపలి తడి పడుకున్న మనిషి వదిలిన ఆవిరే కదా అంటారు. కొంత అదే. రాత్రంతా ఊపిరితోనూ చర్మంతోనూ పెద్ద గ్లాసెడు నీళ్ళు పోవడం మామూలే. కానీ కొసలు తెరిచిన పోంచో కింద అందులో చాలా భాగం బయటికే పోతుంది. పైగా మనిషి లేకుండా ఖాళీగా కట్టిన పట్టా కూడా తడుస్తుంది. రెండో అభ్యంతరం నేల తడిది. 1885లో ఎడిన్‌బరోలో జాన్ ఎయిట్‌కెన్ అనే శాస్త్రవేత్త, మంచులో పెద్ద వాటా నేలలోంచీ మొక్కల్లోంచీ వచ్చే ఆవిరేనని చూపించి వెల్స్‌ను సవరించాడు. గెర్‌స్టెన్ మాటలో కొంత నిజముందని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. తడి నేల మీద పోంచో కడితే లోపల ఎక్కువ కారడం ఇందువల్లే. అయినా మూలవాదం చెదరలేదు. ఆవిరి ఊపిరిదైనా, నేలదైనా, సముద్రానిదైనా, దాన్ని నీరుగా మార్చే చల్లదనం ఇచ్చింది ఆకాశమే. మబ్బు పట్టిన రాత్రి మనిషి ఊపిరి తగ్గదు, నేల తడీ తగ్గదు, అయినా పట్టా ఇంచుమించు పొడిగా ఉంటుంది. ఈ ఒక్క గమనిక చాలు.

మరి లోపలి ముఖం ఎందుకు తడుస్తుంది? ఆకాశాన్ని చూసేది పైముఖమే కదా. వెల్స్ చెక్క అంగుళం మందం ఉంది కాబట్టి పైన చల్లబడినా ఆ చలి అడుగుకు అంతగా చేరలేదు. నైలాను మందం మిల్లీమీటరులో పదో వంతు. దానికి పైముఖం, లోపలి ముఖం అని వేరే ఉష్ణోగ్రతలు లేవు. వాననీటిని ఆపడంలో దానికున్న గొప్పతనమే, ఆవిరిని కూడా ఆపి లోపల చుక్కలు కట్టించే దోషం అవుతుంది. నూర్పులు కానంతవరకూ కళ్ళంలో కుప్పలకు కాపలా పడుకునే రైతు గడ్డితో వేసుకున్న పాకను దీని పక్కన పెట్టి చూడండి. సవరలు, జాతాపులు పోడులో చోడి, సామ పంటలకు అడవిపందుల బెడద లేకుండా కాపు కాసే గడ్డి గుడిసెనూ చూడండి. జానెడు మందాన గడ్డి, దాని సందుల్లో కదలని గాలి. పైగడ్డి నానినా లోగడ్డి మనిషి వెచ్చదనంలోనే ఉంటుంది. గొర్రెల కాపరి కొప్పెరగా వేసుకునే గొంగళి ఇంకో అడుగు ముందుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని తాకితే తడి తెలియకుండానే ఇముడ్చుకోగలదు. బరువూ చోటూ మాత్రమే చూసుకుంటే వీటికంటే పోంచో మేలు. రాత్రి పొడిగా నిద్రపోవడం లెక్కలోకి తీసుకుంటే వీటి వెనకే నిలబడుతుంది.

దుకాణాల్లో పోంచో మీద మూడు వేల మిల్లీమీటర్ల నీటిపోటు ఆపుతుందని అంకె వేసి అమ్ముతారు. పట్టా ఆకాశానికి ఎంత వేడి పోగొట్టుకుంటుందో ఏ చీటీ మీదా ఉండదు. డిసెంబరు రాత్రికి కావలసింది ఆ రెండో అంకే. ఒంటరి యాత్రికులు సాధారణంగా ఒక అంచు నేలకు గుచ్చి, రెండో అంచు పైకి లేపి, ఏటవాలుగా కడతారు. కచ్‌లో తాగునీటి కోసం మంచు పట్టే పలకలు నిలబెట్టిన అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు గిరిజా శరణ్ బృందం వాడిన వాలు దాదాపు ముప్ఫై డిగ్రీలు. నీళ్ళు ఎక్కువ రావడానికి అనువైన వాలు అది. మనవాళ్ళు పొడిగా ఉండాలని కట్టుకునే వాలూ ఇంచుమించు అదే! వెల్స్ అట్టలా ఇంకొంచెం నిటారుగా కడితే ప్రతి ముఖానికీ కనబడే ఆకాశం తగ్గుతుంది, అందులోనూ దిగంతం దగ్గరి ఆకాశం నడినెత్తి ఆకాశమంత చల్లగా ఉండదు. అంతకంటే మేలు చెట్టు కింద కట్టడం. మామిడి గుబురు ఆకాశానికి అడ్డుపడి రాత్రంతా తన వేడిని పట్టాకు ఇస్తుంది. జీడిమామిడి నీడ కూడా అంతే మంచిది, కాకపోతే ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, పార్వతీపురం మన్యంలో ఏనుగుల గుంపులున్నాయి. తడిసినా సరే, ఆ చోట్ల ఒంటరిగా పడుకోకూడదు. చెట్టు లేని చోట పోంచో కింద జానెడు ఎడంతో ఒక పంచె కట్టుకోవచ్చు. పంచె చూసేది పోంచోను, ఆకాశాన్ని కాదు. చుక్కలు పడినా దాని మీదే ఇంకుతాయి. స్టౌ మాత్రం ఎప్పుడూ బయటే వెలిగించాలి. 58 గ్రాముల బ్యూటేను కాలితే 90 గ్రాముల నీటి ఆవిరి పుడుతుంది, లోపల టీ కాచుకుంటే ఆ ఆవిరి చల్లటి పట్టాకు అంటుకుంటుంది. మూసిన పట్టా కింద మంటకు గాలి సరిగా అందక పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్న ఒంటరి మనిషిని లేపడానికి పక్కన ఎవరూ ఉండరు.