రోగి దగ్గరైతే డాక్టరు డస్సిపోతారా?

ఫ్యామిలీ డాక్టర్ల బర్న్‌అవుట్ (పని ఒత్తిడితో డస్సిపోవడం) మాటెత్తగానే నింద రోగుల మీదికి పోతుంది. అందులో న్యాయం తక్కువ.

అపోహ: రోగి బాధను మనసుకు పట్టించుకునే డాక్టరే ముందు డస్సిపోతారు.

వాస్తవం: అమెరికాలోని రోచెస్టర్‌లో 70 మంది ప్రాథమిక వైద్యులు ఏడాదిపాటు ఒక శిక్షణ పొందారు. రోగి చెప్పేది నిదానంగా వినడం, అప్పుడు తమ మనసు ఎటు పోతోందో గమనించుకోవడం, బరువనిపించిన అనుభవాలను తోటి డాక్టర్లతో పంచుకోవడం నేర్చుకున్నారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి: బర్న్‌అవుట్ తగ్గింది, సహానుభూతి పెరిగింది. పోల్చి చూడటానికి మరో బృందం లేదు కనుక ఇదే తిరుగులేని రుజువని అనలేం. కానీ సహానుభూతే మనిషిని తినేస్తుందంటే ఈ రెండూ కలిసి జరగకూడదు కదా!

మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ కొలమానం ప్రకారం బర్న్‌అవుట్‌కు మూడు లక్షణాలు: మనసు ఎండిపోవడం, రోగిని మనిషిగా కాక వస్తువుగా చూడటం, చేసే పని దండగనిపించడం. రెండోదాన్ని గమనించండి. పేరున్న మనిషి ‘షుగర్ కేసు’గా మిగిలిపోవడమే అది. అంటే అనుబంధం తెగడం బర్న్‌అవుట్‌లోనే ఒక భాగం.

అపోహ: రోజంతా రోగులను చూడటమే డాక్టర్లను పిండేస్తుంది.

వాస్తవం: అమెరికాలోని విస్కాన్సిన్ ఫ్యామిలీ డాక్టర్ల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో 11.4 గంటల పనిదినంలో 5.9 గంటలు కంప్యూటర్ రికార్డులకే పోయాయి. అందులో 1.4 గంటలు క్లినిక్ వేళలు దాటాక చేసిన పని.

అపోహ: ఏళ్ల తరబడి ఒకే డాక్టరు దగ్గరికి వెళ్లడం పాతకాలపు చాదస్తం.

వాస్తవం: నార్వేలో ఒకే డాక్టరుతో 15 ఏళ్లకు పైగా కొనసాగినవారిలో మరణాలు, ఏడాదిలోపు పరిచయం ఉన్నవారితో పోలిస్తే, దాదాపు 25 శాతం తక్కువగా కనిపించాయి. ‘ఆయన హస్తవాసి మంచిది’ అని మనవాళ్లు అనేదాంట్లో ఈ పరిచయం పాలు ఎక్కువేనని నా నమ్మకం. ఏ మాత్ర పడదో, తండ్రికి ఏ వయసులో గుండెపోటు వచ్చిందో తెలిసిన డాక్టరు ప్రతిసారీ మొదటి నుంచీ అడగక్కర్లేదు.

అపోహ: నాలుగు రోజులు సెలవు పెట్టి, యోగా చేస్తే సరిపోతుంది.

వాస్తవం: బర్న్‌అవుట్‌ను వ్యాధిగా కాక, అదుపు చేయని పని ఒత్తిడి ఫలితంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరించింది. కాబట్టి మారాల్సింది పనిచేసే చోటు: రాతపనికి మరో మనిషి, ఒక్కో రోగికి తగినంత సమయం, అర్ధరాత్రి ఫోన్లకు హద్దు, దూషణ నుంచి రక్షణ.