ఆటగాడి బలాన్ని తూచేదెలా?

2025 నవంబరులో ఒక రోజు, మా బడిలో పదో తరగతి చదివే కుర్రాడొకడు నా దగ్గరకు వచ్చి ఫోను బల్ల మీద పెట్టాడు. తెర మీద కోటల యుద్ధం జరుగుతోంది. సైనికుల్ని ఎప్పుడు దింపాలి, ఎప్పుడు ఆగాలి అని లెక్క వేసుకుంటూ ఆడే వ్యూహాల ఆట అది. తెర పైన ఒక మూల ఏదో అంకె ఉంది.

"ఈ అంకె సూడండి మాస్టారూ. నాను ఇంటర్ సదవను. ఇదే ఆడతాను. బాగా ఆడినోళ్ళకి లచ్చలు లచ్చలు ఇస్తన్నారంట."

"ఆ అంకె ఏమిట్రా?" అన్నాను.

"నా బలం మాస్టారూ!"

వాళ్ళ నాన్న హైదరాబాదులో భవనాల పనికి పోయాడు. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు. ఆ ఫోను ఆయన కూలి డబ్బుతో కొన్నదే. కసిరి పంపించేసేవాడినే గాని, ఆ అంకె నన్ను ఆపింది. భౌతికశాస్త్రం చెప్పేవాడికి అంకె కనిపిస్తే రెండు ప్రశ్నలు వస్తాయి. ఇది దేన్ని కొలుస్తోంది? ఏ ప్రమాణంతో? మీలో కూడా కొందరు ఆ కుర్రాడి లాగే ఆలోచిస్తూ ఉంటారు కనుక, నాతో పాటు మీరూ రండి. ఈ అంకె సంగతి చూద్దాం.

ముందు మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి, 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకసారి 110, మరోసారి 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ 240 కిలోలు సిడ్నీలోనైనా ఊసవానిపేటలోనైనా 240 కిలోలే. (భారం కొద్దిగా మారుతుంది, మారనిది ద్రవ్యరాశి అని ముందు బెంచీలో ఎవరో గొణుగుతున్నారు. నిజమే, కూర్చో!) పక్కన ఎవరు పోటీ పడుతున్నారన్న దానితో ఆ ఇనుముకు పని లేదు.

మరి చదరంగం మాటేమిటి? గుడి అరుగు మీద గీసిన గళ్ళలో పులి-మేక ఆడే తాత బలం ఎంత? కిలోలు లేవు, మీటర్లు లేవు. ఎదుట ఒక మనిషి కూర్చుంటే తప్ప ఆయన బలం బయటపడదు. మనవడి మీద పది ఆటలు గెలిచాడంటే తాత గొప్పవాడైనా కావచ్చు, మనవడికి ఆట రాకపోయినా కావచ్చు. ఇలాంటి ఆటల్లో ప్రత్యర్థే కొలబద్ద. చిక్కేమిటంటే ఆ కొలబద్ద కూడా రోజూ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికాలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఈలో. 1903లో హంగరీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. ఆయనకు చదరంగమంటే ప్రాణం. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోనూ, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లోనూ స్వీకరించాయి. ఈ పని ఎంత కష్టమో చెబుతూ ఆయన, నీళ్ళ మీద తేలే బెండును, గాలికి ఊగే తాడుకు కట్టిన గజంబద్దతో కొలవడం లాంటిదన్నాడట. సముద్రపు ఒడ్డున పుట్టిన మనకు ఆ పోలిక వివరించనక్కర లేదు.

ఆయన ఆలోచన ఇది. ఆటగాడి అంకె అతని బలాన్ని నేరుగా చెప్పదు. ఇద్దరి అంకెల మధ్య తేడా మాత్రం, వాళ్ళు ఆడితే ఫలితం ఎలా ఉండవచ్చో చెబుతుంది. గెలుపుకు 1, డ్రాకు అర, ఓటమికి 0. తక్కువ అంకె ఉన్నవాడికి ఆటకు సగటున ఎంత వస్తుందో ఇలా కట్టవచ్చు: అంకెల తేడాను 400తో భాగించండి. 10ని ఆ ఘాతానికి హెచ్చించండి. దానికి 1 కలపండి. వచ్చిన మొత్తంతో 1ని భాగించండి. ఈలో మొదట వాడింది గంట ఆకారపు వక్రరేఖ. ఇది తర్వాత వాడుకలోకి వచ్చిన సులభ రూపం. జవాబులు దాదాపు ఒకటే.

చేసి చూడండి. తేడా సున్న అయితే 10 ఘాతం 0, అంటే 1. దానికి 1 కలిపితే 2. జవాబు అర. సమఉజ్జీలన్నమాట! తేడా 400 అయితే 10కి 1 కలిపి 11. అంటే బలహీనుడికి పదకొండు ఆటలకు ఒక పాయింటు. తేడా 200 అయితే 10 వర్గమూలం కావాలి. అది 3.16. ఒకటి కలిపితే 4.16. జవాబు 0.24.

ఆట అయ్యాక అంకెలు సవరిస్తారు. ఆశించినదాని కంటే ఎంత ఎక్కువ వచ్చిందో చూసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి కలుపుతారు. తక్కువ వస్తే అలాగే తీసేస్తారు. ఆ గుణకం 20 అనుకుందాం. 1000 ఉన్నవాడు 1200 ఉన్నవాణ్ణి ఓడిస్తే 0.76 ఇంటు 20, సుమారు 15 వస్తాయి. ఓడితే 5 పోతాయి. పెద్దవాణ్ణి కొడితే లాభం ఎక్కువ, ఓడినా నష్టం తక్కువ. ఫిడే పద్ధతిలో కొత్తవారికి గుణకం 40, ఒకసారి 2400 చేరినవారికి 10. పసివాడి అంకె గంతులు వేస్తుంది, మహామహుల అంకె మెల్లగా కదులుతుంది.

మా తరగతిలో దీన్ని ప్రయోగంగా చేశాం. ఎనిమిది మంది పిల్లలు, తలా 1000, అందరికీ గుణకం 20. రెండు వారాలు మధ్యాహ్న భోజనం తర్వాత చదరంగం ఆడారు. చివర ఒకమ్మాయి అందరికంటే పైకి పోయింది, ఒకడు అడుగున పడ్డాడు. ఎనిమిది అంకెలూ కూడమన్నాను. మొత్తం 8000! ఒక్క పాయింటు ఎక్కువ లేదు, తక్కువ లేదు. మళ్ళీ కూడారు, అంతే. ఒకరికి వచ్చిందంతా మరొకరి దగ్గర నుంచి పోయినదే. ఫోను కుర్రాడు ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు.

లెక్కల పరీక్షలో అందరికీ వందకు వంద రావచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఆటనే బతుకుతెరువు చేసుకోవాలనుకున్నవాడు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. మీరెంత కష్టపడినా, ఎదుటివాడూ అంతే కష్టపడితే మీ అంకె కదలదు.

మన తెలుగువారిలో ఈ దారిన చివరిదాకా నడిచినవారున్నారు. కోనేరు హంపి 1987లో గుడివాడలో పుట్టింది. కూతురికి ఆట నేర్పడానికి తండ్రి అశోక్ తన ఉద్యోగం వదులుకున్నారు. 2002లో 15 ఏళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టరై, ఆ వయసులో ఆ హోదా పొందిన మహిళగా అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. తర్వాత ఆమె ఓ.ఎన్.జి.సి.లో ఉద్యోగంలో చేరింది. ఈ మాట గుర్తుంచుకోండి. ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకారులకిచ్చే ఉద్యోగాలు లేకపోతే, మన దేశంలో చాలామంది చదరంగ క్రీడాకారుల కథలు మధ్యలోనే ఆగిపోయేవి. బహుమతి ఎప్పుడో వస్తుంది. జీతం నెలనెలా వస్తుంది.

2025 జులైలో జార్జియా దేశపు బతూమిలో మహిళల ప్రపంచ కప్పు జరిగింది. నాగపూరుకు చెందిన 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ క్వార్టర్ ఫైనల్లో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారికను ఓడించింది. ఫైనల్లో ఎదురైనది 38 ఏళ్ళ హంపి. హంపి అంకె దివ్య అంకె కంటే సుమారు 80 ఎక్కువ. సూత్రం ప్రకారం హంపికి ఆటకు 0.61 రావాలి. మామూలు ఆటలు రెండూ డ్రా. వేగపు ఆటల్లో మొదటిది డ్రా. రెండోది దివ్య గెలిచింది. మరి సూత్రం తప్పినట్టా? కాదు. సూత్రం చెప్పేది వంద ఆటల సగటు, కప్పును తేల్చేది నాలుగు ఆటలు. నాణాన్ని నాలుగుసార్లు ఎగరేస్తే మూడు బొరుసులు పడవా!

ఇక వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి. 2024 డిసెంబరు జాబితాలో అతని అంకె 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనొక్కడే. 2025లో సౌదీ అరేబియాలోని రియాద్‌లో ఒక చిత్రం జరిగింది. కంప్యూటర్ ఆటల ప్రపంచ కప్పులో తొలిసారి చదరంగాన్ని చేర్చారు. ఆటకు ఒక్కొక్కరికి పది నిమిషాలే. 16 మంది ఆటగాళ్ళు, మొత్తం బహుమతి 15 లక్షల డాలర్లు. కంప్యూటర్ ఆటల జట్లు చదరంగం ఆటగాళ్ళను జీతాలకు తీసుకున్నాయి. అర్జున్ జెన్.జి అనే కొరియా జట్టు చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అరోనియన్‌ను ఓడించి సెమీఫైనల్ చేరాడు. అక్కడ ఫిరోజ్జా చేతిలో, తర్వాత మూడో స్థానం కోసం నకామురా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాడు. కప్పు కార్ల్‌సన్‌ది.

అంతటివాడికీ ఇంకో తలుపు తెరుచుకోలేదు. ప్రపంచ చాంపియన్‌ను సవాలు చేసేవాణ్ణి తేల్చే క్యాండిడేట్స్ పోటీలో కుర్చీలు ఎనిమిదే. 2025 నవంబరులో గోవాలో జరిగిన ప్రపంచ కప్పులో మొదటి మూడు స్థానాల్లో ఉంటే ఆ కుర్చీ దక్కేది. అర్జున్ క్వార్టర్ ఫైనల్లో చైనాకు చెందిన వెయ్ యి చేతిలో ఓడిపోయాడు.

గుంటూరు వాడైన పెంటేల హరికృష్ణది మరో మలుపు. 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. 2024లో సింగపూరులో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు, తెర వెనుక ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో ఈయనొకరు. నిన్న ఎదుట కూర్చున్నవాడికి ఈ రోజు పక్కన కూర్చుని సాయం చేయడం కూడా ఈ వృత్తిలో ఒక ఉద్యోగమే.

"మాస్టారూ, ఇయన్నీ సదరంగం కబుర్లు. మాది ఫోను ఆట కదా!" అన్నాడు మావాడు. నిజమే. కంప్యూటర్ వ్యూహాల ఆటల్లో చాలావాటి అంకెలకు మూలం ఈలో ఆలోచనే. కాని ఒక తేడా ఉంది. 1998లో స్టార్‌క్రాఫ్ట్ అనే ఆట వచ్చింది. దక్షిణ కొరియాలో దాన్ని టీవీలో క్రికెట్ చూసినట్టు చూశారు. లిమ్ యో-హ్వాన్, హాంగ్ జిన్-హో అనే ఇద్దరి పోటీ అక్కడ ఇంటింటి ముచ్చట. హాంగ్ ఎన్నిసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడంటే, 2 అనే అంకె అతని గుర్తైపోయింది. లిమ్ సైనిక సేవకు పోతే, వాయుసేన తన జట్టులో ఆడించింది. ఆ తర్వాత ఆ ఆట వదిలేసి అతను పోకర్ పేకాటలోకి దిగాడు. ఆట కంపెనీది. ఆ ఆటకు ఆదరణ తగ్గితే ఆటగాడి నైపుణ్యం ఎక్కడికి పోతుంది? చదరంగానికి యజమాని లేడు.

వయసు సంగతి కూడా ఉంది. 2014లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, 16 నుంచి 44 ఏళ్ళ మధ్య ఉన్న 3,305 మంది స్టార్‌క్రాఫ్ట్-2 ఆటగాళ్ళ రికార్డులు పరిశీలించారు. తెర మీద కొత్త చోటు చూసిన తర్వాత మొదటి చర్య చేయడానికి ఎంతసేపు పడుతోంది? ఆ వేగం 24 ఏళ్ళ నుంచే తగ్గడం మొదలవుతోందట! పెద్దవాళ్ళు సులువైన ఆజ్ఞలతో, పొదుపైన పద్ధతులతో ఆ నష్టాన్ని కొంత పూడ్చుకుంటున్నారని కూడా తేలింది. హంపి 2024 డిసెంబరులో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయినప్పుడు ఆమె వయసు 37. నిమిషాలతో ఆడే ఆటకూ, క్షణంలో పదోవంతులతో ఆడే ఆటకూ తేడా అది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మీరు రూపాయి పెడితే గాని మొదలవని ఆట ఎవరైనా చూపిస్తే, అది మనం మాట్లాడుకుంటున్నది కాదు.

ఒకనాడు ఆ కుర్రాడి అమ్మ బడికి వచ్చింది. ఈలో గురించి, సూత్రం గురించి నేను చెప్పినదంతా ఓపిగ్గా విని, "ఆ అంకె పెరిగితే జీతం ఎవులిస్తారు బాబూ?" అని అడిగింది. కార్ల్‌సన్‌కు ఎవరిస్తారో, హంపికి ఎవరిస్తారో చెప్పగలిగాను. పదివేలో స్థానంలో ఉన్నవాడికి ఎవరిస్తారో చెప్పలేకపోయాను.

ఇంటర్ సంగతి అతనింకా తేల్చలేదు. దరఖాస్తు కాగితం మాత్రం తీసుకెళ్ళాడు. ఫోను పక్కన పెట్టి, మా ప్రయోగంలో పైకి పోయిన అమ్మాయితో చదరంగం మొదలుపెట్టాడు. ఒకే వీధి వాళ్ళు కనుక ఆదివారాలు కూడా మానకుండా డిసెంబరు నెలంతా రోజుకొక ఆట ఆడారు. మొత్తం 31 ఆటలు. ఫలితాలన్నీ నోటుపుస్తకంలో రాసి తెచ్చాడు. అతనికి వచ్చినవి 12 పాయింట్లు. ఇద్దరి అంకెల మధ్య తేడా ఎంతుండాలో సూత్రాన్ని వెనక్కి తిప్పి కట్టండి. 10కి ఐదో మూలం సుమారు 1.585 అన్నది మీకు పనికొస్తుంది. వచ్చిన జవాబు ఈ వ్యాసంలోనే ఒకచోట ఉంది. ఎక్కడుందో చూసి, అక్కడ గెలిచింది ఎవరో కూడా చూడండి. మావాడు అది కనిపెట్టి నవ్వుకుంటూ వెళ్ళాడు.